హైకూ: జపాను రూపం, తెలుగు రుతువు

హైకూ జపాను భాషలో పుట్టి, ఇరవయ్యో శతాబ్దంలో ప్రపంచంలోని అనేక భాషలకు పాకిన అతి పొట్టి కవితారూపం. సంప్రదాయ హైకూకు మూడు లక్షణాలు చెబుతారు: 5-7-5గా విడివడే పదిహేడు ధ్వని ప్రమాణాలు, దృశ్యం ఏ కాలానిదో తెలిపే ఒక రుతుపదం, రెండు చిత్రాలను విడదీస్తూనే పక్కపక్కన నిలబెట్టే ఒక విరుపు. 1990ల నుంచి తెలుగులో విరివిగా వచ్చిన హైకూలను చూస్తే, ఈ మూడింటిలో మొదటిదాని మీద వాదోపవాదాలు ఎక్కువగా నడిచాయనీ, మూడోదాన్ని మంచి కవులు సులువుగానే పట్టుకున్నారనీ, రెండోదాన్ని మాత్రం పరాయి దేశపు ఆచారంగా ఎంచి చాలామంది పక్కన పెట్టారనీ తెలుస్తుంది. అలా పక్కన పెట్టిన రుతుపదమే తెలుగు హైకూకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేదని చూపడానికి తిరుపతి జిల్లా దక్షిణపు కొసన, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న తడ ప్రాంతం మంచి ఆధారం.

జపానులో పుట్టుక, పెరుగుదల

మధ్యయుగాల జపానులో కొందరు కవులు ఒకచోట కూర్చుని ఒకరి పద్యఖండానికి మరొకరు ఖండం అతుకుతూ పోయే రెంగా అనే గొలుసు కవిత్వం ప్రచారంలో ఉండేది. 5-7-5 ఖండానికి 7-7 ఖండం జవాబుగా, దానికి మళ్ళీ 5-7-5 జవాబుగా సాగే ఈ గోష్ఠిలో మొట్టమొదటి ఖండాన్ని హొక్కు అనేవారు. గోష్ఠి ఏ కాలంలో, ఏ చోట జరుగుతోందో ఆ కాలాన్నీ ఆ చోటునూ హొక్కు పలకరించి తీరాలన్నది నియమం. ఆతిథ్యమిచ్చిన ఇంటివారికి అది ఒక విధమైన మర్యాద కూడా. హైకూలో రుతువు తప్పనిసరి కావడానికి మూలం ఇక్కడుంది. అది ప్రకృతి ఆరాధన నుంచి పుట్టిన నియమం కన్నా, పదిమంది కూడిన సభకు ఉమ్మడిగా కళ్ళెదుట కనిపించేదాన్ని ముందుగా చెప్పాలన్న సభామర్యాద నుంచి పుట్టిన నియమం.

రెంగాలో హాస్యం, వాడుకమాట కలిసి హైకై అనే శాఖ ఏర్పడింది. ఆ శాఖను గంభీర కవిత్వంగా నిలబెట్టినవాడు మత్సువొ బషో (1644–1694). పాత కొలనులోకి కప్ప దూకడాన్ని చెప్పే ఆయన హొక్కు 1686 నాటిది. ప్రపంచంలో అత్యధికంగా అనువాదమైన చిన్న కవితల్లో అది ఒకటి. 1689లో ఉత్తర జపానుకు కాలినడకన చేసిన దూరయాత్రను వచనం, హొక్కులు కలిపి ఆయన రాసిన ‘ఓకు నొ హొసొమిచి’ ఆయన మరణానంతరం 1702లో అచ్చయింది. చిత్రకారుడైన యోస బుసొన్ (1716–1784) రంగూ కోణమూ కలిగిన దృశ్యాలకు, కొబయాషి ఇస్సా (1763–1828) పిచ్చుకలు, ఈగలు, నత్తల వంటి అల్పప్రాణుల మీది చనువుకు పేరు పొందారు. ఇదే ఛందస్సులో, రుతుపదం లేకుండా, మనుషుల వెర్రితనాన్నీ లోకరీతినీ ఎత్తిపొడిచే కవితలను వాటి సంకలనకర్త కరాయి సెన్‌ర్యూ (1718–1790) పేరు మీదుగా సెన్‌ర్యూ అంటారు. తెలుగులో హైకూ పేరుతో అచ్చయినవాటిలో గణనీయమైన భాగం నిజానికి సెన్‌ర్యూలే.

హొక్కును గొలుసు నుంచి తెంపి, హైకూ అన్న పేరుతో స్వతంత్ర కవితగా స్థిరపరచినవాడు మసవొక షికి (1867–1902). పాశ్చాత్య చిత్రకళలోని ప్రత్యక్ష చిత్రణ పద్ధతిని చూసి, ఆయన ‘షసెయ్’ అనే సూత్రాన్ని ప్రతిపాదించాడు. కంటికి కనిపించినదాన్ని కనిపించినట్టే గీయాలన్నది దాని సారాంశం. క్షయతో మంచం పట్టి ముప్ఫై నాలుగేళ్ళకే కన్నుమూసిన షికి, తన చివరి ఏళ్ళలో గది కిటికీ నుంచి కనిపించే చిన్న తోటనే ముడిసరుకుగా చేసుకున్నాడు. ఆయన స్వస్థలమైన మత్సుయమలో 1897లో మొదలైన ‘హొతొతొగిసు’ పత్రికను తరువాత శిష్యుడు తకహమ క్యొషి (1874–1959) నడిపి, రుతుపదమూ పదిహేడు మాత్రలూ తప్పరాదన్న సంప్రదాయ మార్గాన్ని బలపరిచాడు. మరో శిష్యుడు కవహిగషి హెకిగొతొ లెక్కను సడలించే దారి పట్టగా, ఆ దారిలో వచ్చిన సంచారి సన్యాసి తనెద సంతొక (1882–1940) లెక్క, రుతువు రెండింటినీ వదిలి రాసి కూడా గొప్ప హైకూ కవుల్లో ఒకడనిపించుకున్నాడు. తెలుగులో నియమం కావాలా వద్దా అన్న చర్చ జరిగినప్పుడల్లా, జపానులోనే ఈ చర్చ నూరేళ్ళ కిందట జరిగి తెగకుండా మిగిలిందన్న సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

హైకూ అంటే జెన్ బౌద్ధ ధ్యానానికి మాటల రూపం అన్న అభిప్రాయం తెలుగు పాఠకుల్లో బలంగా ఉంది. ఇది ఎక్కువగా 1949–1952 మధ్య నాలుగు సంపుటాలుగా ‘హైకూ’ గ్రంథాన్ని ప్రచురించిన ఆంగ్ల రచయిత ఆర్. హెచ్. బ్లైత్ ద్వారా వచ్చింది. బషోకు జెన్‌తో పరిచయం ఉన్న మాట వాస్తవమే గానీ, ఇస్సా మరో బౌద్ధశాఖకు చెందిన భక్తుడు. షికి దృష్టి పూర్తిగా సాహిత్యపరమైనది. జెన్‌ను ముందు పెట్టుకుని రాసిన తెలుగు హైకూల్లో శూన్యం, మౌనం, అనంతం వంటి మాటలు పేరుకుపోవడం ఈ పొరపాటు అవగాహన ఫలితమే.

భారతీయ భాషల్లోకి

1916లో జపాను వెళ్ళిన రవీంద్రనాథ ఠాగూర్ ఆ యాత్రను ‘జపాన్ యాత్రి’ (1919) పేరిట పుస్తకంగా తెచ్చి, అందులో బషో కవితలను బెంగాలీలోకి అనువదించి పరిచయం చేశాడు. అదే 1916లో సుబ్రహ్మణ్య భారతి మద్రాసులో వెలువడే ‘స్వదేశమిత్రన్’ పత్రికలో జపాను కవిత్వం గురించి వ్యాసం రాశాడు. కలకత్తా నుంచి వచ్చే ‘మోడరన్ రివ్యూ’లో జపాను కవి యోనె నొగుచి రాసినదాన్ని చదివి, తక్కువ మాటలతో ఎక్కువ చెప్పే ఆ పద్ధతిని తమిళ కవులకు చూపడం ఆయన ఉద్దేశం. తెలుగు నేల అంచున ఉన్న తడ నుంచి మద్రాసు సుమారు అరవై కిలోమీటర్లే కాబట్టి, హైకూ కబురు తెలుగువారి గడప దాకా వచ్చి ఏడు దశాబ్దాలకు పైగా ఆగిందని చెప్పుకోవచ్చు. ఈలోగా హిందీలో అజ్ఞేయ జపాను కవితలను అనువదించి తన పుస్తకంలో చేర్చాడు. గుజరాతీలో స్నేహరశ్మి 1960లలో హైకూను స్వతంత్ర ప్రక్రియగా నిలబెట్టాడు. తమిళంలో 1980లలో హైకూ సంపుటాలు మొదలయ్యాయి.

తెలుగులో హైకూ

పొట్టి కవిత తెలుగు నేలకు కొత్తది కాదు. శాతవాహన రాజు హాలుడి పేర వెలసిన ప్రాకృత ‘గాథాసప్తశతి’లోని గాథలు రెండేసి పాదాల్లో పల్లెల్లోని పొలాన్నీ, వాననూ, విరహాన్నీ చూపి, చెప్పవలసినదాన్ని చెప్పకుండా వదిలేస్తాయి, వ్యంగ్యాన్ని ధ్వని అనే పేరుతో సిద్ధాంతీకరించిన ఆలంకారికులు ఉదాహరణల కోసం ఈ గాథలనే మళ్ళీ మళ్ళీ ఆశ్రయించారు. తెలుగులో వేమన ఆటవెలది కూడా ఒక విషయాన్నీ దానికి సాటి వచ్చే మరో విషయాన్నీ పక్కపక్కన పెడుతుంది. అయితే వేమన ఆ రెంటి సంబంధాన్ని తీర్పుగా చెప్పేస్తాడు, హైకూ చెప్పదు. ఆధునిక కాలంలో 1970, 80 దశకాల్లో మినీ కవిత ఉద్యమంగా సాగి, అలిశెట్టి ప్రభాకర్ వంటివారి చేతిలో పదునైన ఆయుధమైంది. మినీ కవితకు ప్రాణం కొసమెరుపు. ఈ అలవాటు హైకూ రాసే చేతికి అడ్డమూ అయింది, ఊతమూ అయింది: పొదుపు నేర్పింది, ఆఖరి పాదంలో చమక్కుమనిపించాలన్న తొందరనూ అంటగట్టింది.

హైకూకు తెలుగులో గౌరవం తెచ్చిన కవుల్లో ముందుగా చెప్పవలసిన పేరు ఇస్మాయిల్ (1928–2003). నెల్లూరులో పుట్టి, కాకినాడ పి.ఆర్. కళాశాలలో తత్త్వశాస్త్రం బోధించి ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆయన, నినాదాలు రాజ్యమేలుతున్న రోజుల్లోనే కవిత్వం బిగ్గరగా మాట్లాడనక్కర లేదని వాదించినవాడు. ఆయన వ్యాససంపుటి పేరే ‘కవిత్వంలో నిశ్శబ్దం’. 1997లో వచ్చిన ఆయన హైకూ సంపుటి ‘కప్పల నిశ్శబ్దం’ పేరులో బషో కప్ప కనిపిస్తుంది గానీ, లోపలి లోకం మాత్రం గోదావరి జిల్లాలది. హైకూ చేరకముందే చెట్టు, పక్షి, వాన ఆయన కవిత్వంలో ఉపమానాలుగా గాక వాటి మానాన అవిగా నిలబడడం నేర్చుకున్నాయి. అందువల్ల హైకూ ఆయన చేతిలో కొత్తగా తొడుక్కున్న చొక్కాలా కనిపించదు. ఇస్మాయిల్ నెల్లూరులోనే ఉండిపోయి ఉంటే పులికాట్ పక్షులు తెలుగు హైకూలోకి ఎప్పుడో వచ్చి ఉండేవేమోనన్న ఊహ కలగడం సహజం.

1990 ప్రాంతంలో హైకూలు రాసి ఈ ప్రక్రియ వైపు దృష్టి మళ్ళించిన కవిగా గాలి నాసరరెడ్డి పేరు చెబుతారు. పెన్నా శివరామకృష్ణ ‘రహస్య ద్వారం’ సంపుటితో తొలి వరుసలో నిలవడమే గాక, ఇతర దేశాల హైకూలను తెలుగులోకి తెచ్చాడు. తణుకు ప్రాంతానికి చెందిన బి.వి.వి. ప్రసాద్ ‘దృశ్యాదృశ్యం’ (1995), ‘హైకూ’ (1997), ‘పూలు రాలాయి’ (1999) సంపుటాలతో హైకూను ప్రధాన వ్యాసంగంగా చేసుకున్న అరుదైన కవి. అనకాపల్లి కేంద్రంగా తలతోటి పృథ్వీరాజ్ ఇండియన్ హైకూ క్లబ్ పేరుతో ప్రచార కృషి చేశాడు. ఇదే కాలంలో 1997లో ఎన్. గోపి ‘నానీలు’ అనే నాలుగు పాదాల, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాల రూపాన్ని ప్రవేశపెట్టగా, అది హైకూ కన్నా వేగంగా వ్యాపించి వందలమంది చేత రాయించింది. ఇది ఆశ్చర్యపడవలసిన విషయం కాదు. నానీ వ్యాఖ్యానాన్ని అనుమతిస్తుంది, మొదటి రెండు పాదాల్లో చెప్పినదాన్ని తరువాతి రెండింటిలో తిప్పి చూపుతుంది. సామెతకూ చాటువుకూ అలవాటుపడ్డ తెలుగు చెవికి అది దగ్గరి బంధువు. హైకూ అడిగే సంయమనం ఈ చెవికి మొదట కొంత చప్పగానే తోస్తుంది.

అక్షరమా, మాత్రా?

5-7-5 నియమం పాటించే తెలుగు కవులు సాధారణంగా అక్షరాలు లెక్కపెడతారు. జపానువారు లెక్కపెట్టేది అక్షరాన్ని కాదు, ‘ఓన్’ అనే ధ్వని ప్రమాణాన్ని. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు. ద్విత్వం వస్తే ఒకటి అదనం. నకారప్పొల్లుకు ఒకటి. ఆ లెక్కన టోక్యో అన్న మాటకు నాలుగు, నిప్పొన్ అన్న మాటకూ నాలుగే. తెలుగు ఛందస్సు చదివినవారికి ఇది పరిచయమైన లెక్క: లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు, దీర్ఘమైనా, సున్న ఉన్నా, ద్విత్వ సంయుక్తాలకు ముందున్నా, పొల్లు చేరినా అక్షరం గురువే అవుతుంది. టోక్యో, నిప్పొన్ రెండూ తెలుగు మాత్రల్లో కూడా నాలుగే. దీర్ఘం మీద నకారప్పొల్లు వచ్చే కొన్ని చోట్ల తప్ప రెండు పద్ధతులూ కలిసిపోతాయి. ఆంగ్లంలో ఇటువంటి వెసులుబాటు లేదు. హైకూ ఆంగ్లం మీదుగా ప్రయాణించి వచ్చినందువల్ల, ఆంగ్లేయులు తప్పనిసరై వాడుకున్న అక్షర గణనే తెలుగుకూ అంటుకుంది.

మరో సంగతి. అయిదు మాత్రల నడకకు తెలుగులో ఖండగతి అనీ, ఏడు మాత్రల నడకకు మిశ్రగతి అనీ పేర్లున్నాయి. గురజాడ 1910లో ప్రయోగించిన ముత్యాల సరంలో పాదం 3-4-3-4గా, అంటే రెండు ఏడు మాత్రల ఖండాలుగా నడుస్తుంది. కాబట్టి 5-7-5 మాత్రలు తెలుగు చెవికి పరాయి అంకెలు కావు. అక్షరాల లెక్కకూ మాత్రల లెక్కకూ తేడా ఎంతో తెలియడానికి ఈ వ్యాసం కోసం కూర్చిన రెండు ఉదాహరణలు చాలు. మొదటిది అక్షరాల్లో 5-7-5:

ముసురు వాన—
లారీ పైకప్పు మీద
ఒంటరి కొంగ

ఇందులో అక్షరాలు పదిహేడే గానీ మాత్రలు ఇరవై అయిదు. జపాను హైకూ కన్నా దాదాపు సగం ఎక్కువ బరువు. అదే దృశ్యాన్ని మాత్రల్లో 5-7-5గా కుదిస్తే:

ముసురులో
లారీ పైన
తడి కొంగ

అక్షరాలు పన్నెండుకు దిగాయి, మాత్రలు పదిహేడుకు కుదిరాయి, నడక బిగిసింది. అయితే లెక్క కుదిరినంత మాత్రాన కవిత కుదిరినట్టు కాదు. ముసురులో ఉన్న కొంగ తడిసే ఉంటుంది కాబట్టి ‘తడి’ అన్న మాట దండగ. ‘లో’ అన్న విభక్తి ప్రత్యయం చేరడంతో వానా కొంగా ఒకే వాక్యంలో అతుక్కుపోయి, మొదటి ఉదాహరణలో ఉన్న ఎడం పోయింది. మొదటిదానిలో ఎడం ఉంది గానీ ‘ఒంటరి’ అన్న విశేషణంలో కొంగ గురించి కాక కవి గురించిన సమాచారం ఉంది. ఆ కొంగకు తాను ఒంటరినన్న బాధ ఉన్నదో లేదో చూసేవాడికి తెలియదు. ఎక్కువమంది తెలుగు కవులు లెక్క వదిలి మూడు పొట్టి పాదాలన్న హద్దునే ఉంచుకోవడం సమంజసమైన పరిష్కారమే. కాకపోతే లెక్క పెట్టదలచినవారు మాత్రలు పెట్టుకుంటేనే జపాను హైకూలోని కురచదనం ఎంతటిదో చేతికి తెలుస్తుంది.

విరుపు

జపాను హైకూలో ‘య’, ‘కన’, ‘కెరి’ వంటి కొన్ని చిన్న మాటలు తమకంటూ పెద్ద అర్థం లేకుండా, వాక్యాన్ని ఆపడానికీ ముందు మాట మీద ఊనిక వేయడానికీ వస్తాయి. వీటిని కిరెజి, అంటే కోత పదాలు అంటారు. సంప్రదాయం పద్దెనిమిది కిరెజిలను గుర్తించింది. కోతకు అటూ ఇటూ ఉన్న రెండు చిత్రాల మధ్య సంబంధాన్ని పాఠకుడే కల్పించుకోవాలి. తెలుగులో వీటికి సరిసమానమైన మాటలు లేవు. యతి అన్న పేరు విని అది పనికివస్తుందనుకోవడం పొరపాటు. సంస్కృతంలో యతి విరామమే గానీ, తెలుగు యతి నియత స్థానంలో వచ్చే అక్షర మైత్రి మాత్రమే.

తెలుగుకు వేరే వనరులున్నాయి. క్రియ లేకుండానే వాక్యం పూర్తి చేయగల భాష ఇది. ‘ముసురు వాన’ అని ఆపితే లోపం తెలియదు, విరుపు దానంతటదే వస్తుంది. జపాను భాష లాగే తెలుగులో కూడా కర్మ తరువాత క్రియ వస్తుంది, విభక్తి నామానికి వెనక చేరుతుంది, నామాన్ని వర్ణించే వాక్యం మొత్తం నామానికి ముందే వస్తుంది. ‘లారీ ఎక్కిన కొంగ’ అన్నప్పుడు చూపు ముందు లారీ మీద పడి, కదలిక తెలిసి, చివరికి కొంగ దగ్గర ఆగుతుంది. ఆంగ్లంలో కొంగ ముందే వచ్చేస్తుంది. జపాను మూలంలో చిత్రాలు ఏ వరుసలో వస్తాయో అదే వరుసను తెలుగు అనువాదం నిలుపుకోగలదు గానీ, అనువాదాలు చాలావరకు ఆంగ్లం నుంచి జరగడంతో ఆ మేలు చేజారింది. జపాను భాష నేర్చి నేరుగా అనువదించే తెలుగువారు ఎక్కువైనప్పుడు ఇది కొత్తగా బయటపడవచ్చు. తడ పక్కనే వెలసిన శ్రీసిటీ పారిశ్రామిక నగరంలో ఇసుజు, కొబెల్కో వంటి జపాను సంస్థల కర్మాగారాలు నడుస్తున్న ఈ రోజుల్లో అది మరీ గొంతెమ్మ కోరిక కాదు.

విరుపుకు శత్రువులు రెండు. ఒకటి ఉపమానం: ‘వలె’, ‘లా’ అన్న మాట చేరగానే రెండు చిత్రాల్లో ఒకటి రెండోదానికి సేవకురాలవుతుంది. రెండోది సూక్తి: దీపం, అద్దం, నీడ, కన్నీరు వంటి వస్తువులు తెలుగు హైకూల్లో ఇంత తరచుగా కనిపించడానికి కారణం అవి ముందే నీతి మోసుకుని రావడమే. జీవితం, కాలం, మృత్యువు అన్న భావనామాల్లో ఏదైనా మూడు పాదాల్లో ఒకదాన్ని ఆక్రమించుకుంటే, మిగిలిన రెండు పాదాలూ దానికి వివరణగా కుంచించుకుపోతాయి. రాసినదాన్ని దిద్దుకునేటప్పుడు ముందుగా ఈ మాటలను, ఆ తరువాత విశేషణాలను, ఆపైన ‘నేను’ను తీసి చూడడం జపానులోనూ తెలుగులోనూ పనికివచ్చిన పద్ధతి. తీశాక ఏమీ మిగలకపోతే అక్కడ మొదటి నుంచీ చూసినదేదీ లేదని అర్థం.

రుతుపదమూ తడ తీరమూ

జపానులో రుతుపదాన్ని కిగొ అంటారు. కిగొలను రుతువుల వారీగా కూర్చి, వివరణలూ ఉదాహరణ కవితలూ చేర్చిన కోశాన్ని సైజికి అంటారు. వసంతం, గ్రీష్మం, శరత్తు, హేమంతాలతో పాటు కొత్త సంవత్సరాన్ని అయిదో విభాగంగా అందులో ఉంచుతారు. కేవలం చంద్రుడన్నా శరత్కాలమే, చెర్రీ పువ్వు వసంతం, కీచురాయి గ్రీష్మం. కోశం పాతబడి ఆగిపోయింది కూడా కాదు; రాత్రి దీపాల వెలుగులో ఆడే బేస్‌బాల్ ఆట గ్రీష్మానికి కిగొగా చేరింది. కిగొ వల్ల ఒక్క మాటతో వాతావరణం, పంట, పండుగ, పూర్వకవుల జ్ఞాపకం అన్నీ వచ్చి చేరతాయి. పదిహేడు మాత్రల కవిత అంత పొట్టిగా ఉండి కూడా బతకగలిగేది ఈ అప్పు బలం మీదే.

కిగొలను యథాతథంగా తెలుగులోకి తెచ్చుకుంటే ఏమవుతుందో బషో కప్పే చెబుతుంది. జపాను సైజికిలో కప్ప వసంతానికి చెందినది. తెలుగు పాఠకుడికి కప్ప అనగానే తొలకరి. కవిత అనువాదంలో గట్టు దాటేలోపే రుతువు మారిపోయింది. సంస్కృత కావ్యాల షడృతువులను తెచ్చుకున్నా అన్నిచోట్లా అతకవు. వర్ష రుతువు శ్రావణ భాద్రపదాలదనీ, ఆశ్వయుజ కార్తికాల శరత్తులో ఆకాశం నిర్మలమవుతుందనీ, వెన్నెల పిండారబోసినట్టుంటుందనీ ప్రబంధాలు వర్ణిస్తాయి. 2022లో జిల్లాల విభజనతో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారిన తడ మండలంలో ఇది తలకిందులు. ఇక్కడ ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు లోపు కురుస్తుంది. కావ్యాల్లో ఆకాశం విప్పారే ఆశ్వయుజ కార్తికాల్లోనే ఇక్కడ ముసురు పడుతుంది, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి, తీరానికి తుఫాను హెచ్చరికలు వస్తాయి. ప్రబంధం చదివి రాసిన కార్తిక వెన్నెల తడలో అబద్ధం కావచ్చు. మేఘాల సందున రెండు నిమిషాలు కనిపించి పోయిన చంద్రుడు నిజం.

ఒడిశాలోని చిలికా తరువాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. కాళంగి, అరణి నదుల మంచినీరు ఒకవైపు నుంచీ, ముఖద్వారాల గుండా సముద్రపు నీరు మరోవైపు నుంచీ వచ్చి కలిసే ఈ లోతు తక్కువ సరస్సును శ్రీహరికోట దీవి బంగాళాఖాతం నుంచి వేరు చేస్తుంది. ఇరకం వంటి దీవి ఊళ్ళకు పడవ ప్రయాణమే దారి. వానలకు సరస్సు నిండి ముఖద్వారాలు తెరుచుకున్నప్పుడు రొయ్యలూ చేపలూ పెరుగుతాయి; నీరు నిండిన కొద్ది వారాలకు ఫ్లెమింగోలు దిగుతాయి; సూళ్ళూరుపేటకు దగ్గరలోని నేలపట్టు చెరువులో నీట నిలిచిన చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్ళు కడతాయి. 2001లో సూళ్ళూరుపేట కేంద్రంగా ప్రభుత్వం ఫ్లెమింగో పండుగ మొదలుపెట్టింది. ఎండాకాలం వచ్చేసరికి సరస్సు ఉత్తర భాగం చాలావరకు ఎండి, నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. నిండడం, పక్షులు రావడం, గూళ్ళు, ఎండిపోవడం, ఉప్పు: ఇక్కడి సంవత్సరానికి ఉన్న అసలు విభాగాలు ఇవి. ఆరు రుతువుల పట్టికలో వీటికి చోటు లేదు.

రుతువును ఇంత సన్నగా కోసే సాధనం తెలుగు రైతు దగ్గర ఎప్పటి నుంచో ఉంది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే సుమారు పదమూడు, పద్నాలుగు రోజుల కాలాన్ని కార్తె అంటారు. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు. మే చివర మొదలయ్యే రోహిణి కార్తె అనగానే రాళ్ళు పగిలే ఎండ, జూన్ మొదటి వారం చివర వచ్చే మృగశిర అనగానే ఆ రోజు చేపలు తినే ఆచారం, ఆ తరువాతి ఆరుద్ర అనగానే నేల మీద పాకే మఖమల్ లాంటి ఎర్రటి ఆరుద్ర పురుగు గుర్తుకొస్తాయి. తడ తీరానికి బరువైన కార్తెలు అక్టోబరు చిత్త నుంచి స్వాతి, విశాఖ, అనూరాధల మీదుగా డిసెంబరు జ్యేష్ఠ దాకా ఉంటాయి. ‘స్వాతి కార్తె’ అన్న అయిదు మాత్రలకు ఒకటి మించిన మాట వాన తీరునూ, పైరు దశనూ, వలవాడి పనినీ ఒకేసారి చెప్పేస్తుంది. కిగొ చేసే పని సరిగ్గా ఇదే. తెలుగు హైకూ కవులు దీన్ని విరివిగా వాడుకోకపోవడానికి కారణం బహుశా కార్తెలు పంచాంగానికీ వ్యవసాయానికీ చెందినవనీ, హైకూ సౌందర్యానికీ ధ్యానానికీ చెందినదనీ ఏర్పడ్డ అడ్డుగోడ. బషో శిష్యుల్లో వైద్యులూ వర్తకులూ ఉండేవారు; వారికి అటువంటి గోడ లేదు.

తమిళ సంగ కవిత్వం తిణై అనే ప్రాంత విభాగాన్ని బట్టి భావాన్ని నిర్ణయించి, సముద్రతీరానికి నెయ్‌దల్ అని పేరు పెట్టి, ఎదురుచూపునూ బెంగనూ దానికి అప్పగించింది. పులికాట్‌కు దక్షిణపు ఒడ్డున మాట్లాడే భాష ఆ సంప్రదాయానిది. సరస్సు రెండు భాషల మధ్య ఉంది కనుక, తెలుగు వైపున కాలాన్ని చెప్పే కార్తె, తమిళం వైపున చోటును చెప్పే తిణై పక్కపక్కనే అందుబాటులో ఉన్నాయి. హొక్కు మొదట్లో కోరినవి కూడా ఆ రెండే, కాలమూ చోటూ.

రుతుపదాలకు కావలసిన మాటల పెట్టె కూడా ఈ ప్రాంతానికి సిద్ధంగా ఉంది. పులికాట్‌కు స్థానికంగా ఉన్న పాత పేరును శీర్షికగా పెట్టుకున్న స. వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ దీవుల ఊళ్ళలోని పక్షులు, చేపలు, చెట్లు, తిండి, ఆటలను అక్కడివారి పలుకుబడిలోనే నమోదు చేశాయి. కథల్లో చెదిరి ఉన్న ఆ మాటలను కార్తెల వారీగా విడదీసి, ఒక్కోదాని కింద అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో రాసి పెడితే అది ఒక ప్రాంతీయ సైజికికి తొలి ప్రతి అవుతుంది. అందులో కొన్ని మాటలకు షరతులు కూడా రాయవలసి ఉంటుంది. ఈశాన్య రుతుపవనాలు మొహం చాటేసిన ఏడాది సరస్సు నిండదు, ఫ్లెమింగోలు తక్కువగా దిగుతాయి లేదా నీరున్న మరో చోటికి పోతాయి. ఆ ఏడాది తడలో కూర్చుని రాసేవాడు పుస్తకంలో ఉంది కదా అని విశాఖ కార్తెలో వాటిని దింపకూడదు.